కత్తెర పడని చోటే అసలు గాయం: ‘ఐ సా ద డెవిల్’ గొడవ వెనక కథ

పగ పేరుతో నెత్తురు పారించే సినిమా ఒకటి ‘ఏ’ సర్టిఫికెట్‌తో వస్తే చాలు, ఓ పాత కొరియన్ సినిమా పేరు మళ్ళీ నోళ్ళలో పడుతుంది. ‘దాని ముందు ఇదెంత’ అంటారు ఒకరు. ‘ఆ దరిద్రాన్ని మన దాకా ఎందుకు తెచ్చారు’ అంటారు ఇంకొకరు. ఇప్పుడు మళ్ళీ అదే రగడ. కొరియాలో ప్రతీకార సినిమాలు ఎలా పుట్టాయి, కాన్ చిత్రోత్సవంలో ఏ బహుమతులు గెలిచాయి అన్నవి సినిమా పిచ్చి ఉన్నవాళ్ళందరికీ కంఠతా వచ్చినవే. వాటిని వదిలేసి నేరుగా 2010 ఆగస్టుకు వెళ్దాం.

కిమ్ జీ-ఊన్ తీసిన ‘ఐ సా ద డెవిల్’ ఆ నెలలో విడుదల కావాలి. కొరియా మీడియా రేటింగ్ బోర్డు దానికి రెండుసార్లు ‘పరిమిత ప్రదర్శన’ రేటింగ్ ఇచ్చింది. ఆ ముద్ర పడితే అందుకోసమే కేటాయించిన హాళ్ళలో తప్ప ఆడించకూడదు. అలాంటి హాళ్ళు దేశంలో దాదాపు లేనేలేవు. నిషేధం అనకుండా నిషేధించడమన్నమాట. ముందస్తు సెన్సార్ చెల్లదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1996లోనే చెప్పింది. ఈ పరిమిత రేటింగ్ దేనికి వర్తిస్తుందో చట్టంలో స్పష్టంగా లేదని 2008లో మళ్ళీ అదే కోర్టు తప్పుపట్టింది. చట్టాన్ని సవరించారు, ముద్ర మాత్రం అలాగే ఉండిపోయింది.

నరికిన శరీర భాగాలు, నరమాంసం తినడం లాంటివి మానవ గౌరవాన్ని దెబ్బతీస్తాయన్నది బోర్డు అభ్యంతరం. దర్శకుడు సుమారు 80 నుంచి 90 సెకన్ల దాకా కత్తిరించాడు. ఆ నెల 12న సినిమా హాళ్ళకు చేరింది. బోర్డు ఆ మాట ఉత్తినే అనలేదు. కానీ వెతికిన చోటే తప్పు. మానవ గౌరవం నిజంగా మంటగలిసే సన్నివేశంలో నరికిన శరీరం కనిపించదు. దాని మీద కత్తెర పడిందని ఎవరూ అనలేదు.

అది గ్రీన్‌హౌస్ సన్నివేశం. నిఘా సంస్థ ఏజెంట్ సూ-హ్యోన్‌కు కాబోయే భార్యను, మంచు కురిసే రాత్రి టైరు పంక్చరై కారులో ఒంటరిగా ఉన్నప్పుడు, పిల్లల్ని ట్యూషన్లకు తిప్పే పసుపు వ్యాను డ్రైవరు క్యోంగ్-చుల్ చంపేస్తాడు. సూ-హ్యోన్ సెలవు పెట్టి వాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. సినిమాలో మూడో వంతు గడిచీ గడవకముందే దొరకబుచ్చుకుంటాడు. వాడప్పుడు ఒక స్కూలు పిల్లను ఎత్తుకొచ్చి ఉంటాడు. పిల్ల బతుకుతుంది. హంతకుడు చావుదెబ్బలు తిని స్పృహ తప్పి పడి ఉంటాడు. మామూలు సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి, లేదా పోలీసు జీపు రావాలి.

రెండూ జరగవు. సూ-హ్యోన్ వాడి నోట్లో ఒక గొట్టం లాంటి మాత్ర కుక్కి మింగిస్తాడు. వాడెక్కడున్నదీ చెప్పే ట్రాకర్, వాడి మాటలు వినిపించే మైకు అందులోనే. మణికట్టు విరగ్గొడతాడు. పక్కన ఒక కవరులో డబ్బు పెడతాడు. వెళ్ళిపోతాడు. హంతకుడు లేచి ఆ కవరు చూసి అర్థంకాక తెల్లమొహం వేస్తాడు. మనకు మాత్రం ఆ క్షణంలోనే అర్థమైపోతుంది: ఇకపై వీడు ఎవరి మీద చెయ్యి వేసినా అందులో హీరో చెయ్యి కూడా ఉన్నట్టే.

చెయ్యి వేస్తాడు కూడా. క్లినిక్‌లో నర్సు మీద పడతాడు. హీరో వచ్చి వాడి మడమ నరం కోసి, మళ్ళీ వదిలేస్తాడు. ‘ఇక చాలు, ఆపేయండి’ అని చనిపోయిన అమ్మాయి చెల్లెలు ఫోనులో ప్రాధేయపడినా వినడు. చివరికి కడుపులో మాత్ర సంగతి హంతకుడికి తెలిసిపోతుంది. విరేచనాల మందు మింగి దాన్ని బయటికి తెచ్చేసుకుని, నేరుగా ఆ చనిపోయిన అమ్మాయి ఇంటికే వెళ్తాడు. తండ్రిని చావగొడతాడు, చెల్లెల్ని చంపుతాడు. వాడు రాక్షసుడన్నది మొదటి పది నిమిషాల్లోనే తేలింది. మిగతా రెండు గంటలూ రెండోవాడి గురించే.

ఇంత కసి ఆ దేశంలో అప్పుడే ఎందుకు తెరకెక్కింది? కొరియాలో చివరిసారి ఉరి తీసింది 1997 డిసెంబరు 30న. ఆ తర్వాత వరుస హంతకులు పట్టుబడ్డారు, మరణశిక్షలు పడ్డాయి, అమలు కాలేదు. ఎనిమిదేళ్ళ పాప మీద దారుణానికి పాల్పడినవాడికి, తాగి ఉన్నాడన్న కారణంతో పన్నెండేళ్ళ శిక్షతో సరిపెట్టారని 2009లో జనం భగ్గుమన్నారు. 2010 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం మరణశిక్షను 5-4 తేడాతో సమర్థించింది. ఆరు నెలలకు ఈ సినిమా. అదే నెలలో వచ్చిన ‘ద మ్యాన్ ఫ్రమ్ నోవేర్’లోనూ హీరో ఒంటరిగా ముఠాను నరుకుతాడు. కానీ ఒక చిన్న పిల్లను కాపాడటానికి. దాన్ని 60 లక్షల మందికి పైగా చూశారు, దీన్ని సుమారు 18 లక్షల మంది. నరకడం జనానికి అభ్యంతరం కాలేదు. నరికాక ఇంటికెళ్ళి నిద్రపోగలిగేలా ఉండాలి, అంతే.

ఈ లెక్క మనకు కొత్త కాదు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే, పోలీసుల మీద పూలు చల్లారు. కావాలనే చంపే ఉద్దేశంతో కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చేసరికి పూలు ఎప్పుడో వాడిపోయాయి. ఆ నివేదిక గురించి నాతో మాట్లాడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

చివరి సన్నివేశం మీదా వాదన నడుస్తోంది, ‘అంతకంతా అనుభవించాడు’ అని. సూ-హ్యోన్ హంతకుణ్ణి వాడి సొంత గిలటిన్ (తల నరికే యంత్రం) కిందే కట్టేస్తాడు. తలుపు తెరిస్తే కత్తి పడుతుంది. ఆ తలుపు తెరిచేది, వాడు ఏనాడో వదిలేసిన తల్లీ తండ్రీ కొడుకూ. భాగవతంలో ఐదుగురు పిల్లల్ని పోగొట్టుకున్న ద్రౌపది, అశ్వత్థామను చంపొద్దంటుంది, నాలాగే వాడి తల్లీ ఏడుస్తుందని. ఇక్కడ మాత్రం హంతకుడి తల్లిని ఏరికోరి ఆ గుమ్మం దాకా రప్పించారు. హీరో దూరంగా రోడ్డు మీద నడుస్తూ ఉంటాడు. చెవిలో ఇయర్‌పీస్. తలుపు తెరుచుకుంటుంది, కేకలు వినిపిస్తాయి. అతను ఏడుస్తూ నడుస్తూనే ఉంటాడు.