ఎవరి భుజం మీద బూడిద?

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీర్వదించి రాయునది. నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోన్లో మీ కీచులాట అంతా విన్నాను. భూమి వేడెక్కడం మనుషుల పనేనని అక్క. మంచుయుగాలు వచ్చిపోయినప్పుడు కార్లూ ఫ్యాక్టరీలూ ఉన్నాయా, ఇదంతా సూర్యుడి మహిమ అని తమ్ముడు. తీర్పు చెప్పమని నా మీద పడ్డారు. నేను తప్పించుకున్నాను. రెండు ముక్కల్లో తేల్చేస్తే ఒకరు ఎగిరి గంతేస్తారు, ఇంకొకరు మూతి ముడుచుకుంటారు. విషయం మాత్రం ఇద్దరికీ అందదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగ్గా.

ముందు తమ్ముడి మాట. నువ్వడిగింది తీసిపారేసే ప్రశ్న కాదురా. మనిషి పుట్టకముందు కూడా భూమి చాలాసార్లు వేడెక్కింది, చల్లబడింది. భూమి కక్ష్య ఆకారం, అక్షం వంపు వేల, పదివేల ఏళ్ళ మీద నెమ్మదిగా మారుతుంటాయి. ఆ మార్పులను మంచుయుగాలతో ముడిపెట్టి లెక్కలు కట్టినవాడు మిలన్‌కోవిచ్ అనే సెర్బియా శాస్త్రవేత్త. పెద్ద అగ్నిపర్వతం పేలినా వాతావరణం మారుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలాక ఏడాదీ రెండేళ్ళపాటు భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది. కాబట్టి అనుమానితులు చాలామందే ఉన్నారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెత మీకు తెలుసుగా. నవ్వుకుని వదిలేస్తాం గానీ అందులో మంచి తర్కం ఉంది. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది, మోసినవాడి భుజానికి అంటుకుంటుంది. దొంగ ఒప్పుకోనక్కర్లేదు, భుజం చూస్తే చాలు. భూమిని వేడెక్కించిన దొంగకీ అలాంటి పొడి అంటుకుని ఉండాలి. సూర్యుడైతే ఒక రకం పొడి, అగ్నిపర్వతమైతే ఇంకో రకం, మన పొగ గొట్టాలైతే మరో రకం.

అసలు పొగకూ వేడికీ సంబంధం ఉందని ఎవరు కనిపెట్టారు? నిన్నమొన్నటి వాళ్ళు కాదు. గాలి పొర భూమి వేడిని పట్టి ఉంచుతోందని 1824లోనే ఫూరియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అన్నాడు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో వాయువు నింపి ఎండలో ఉంచింది. అన్నిటికన్నా వేడెక్కింది, బొగ్గు కాలిస్తే పొగలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం. నీడలోకి తెచ్చాక చల్లారడానికీ అదే ఎక్కువసేపు తీసుకుంది. (మా చిన్నప్పుడు పుస్తకాల్లో దీన్ని బొగ్గుపులుసు వాయువు అనేవాళ్ళు. నాకిప్పటికీ ఆ పేరే ఇష్టం.) గాలిలో ఆ వాయువు ఎక్కువుంటే భూమి ఇంకా వేడిగా ఉండేదని ఆవిడ రాసింది. ఆ పత్రాన్ని సభలో చదివింది మాత్రం ఆవిడ కాదు, జోసెఫ్ హెన్రీ అనే పెద్దమనిషి. తర్వాత చాలాకాలం ఆవిడ పేరే ఎవరికీ గుర్తులేదు. 1859లో టిండాల్ అనే శాస్త్రవేత్త అసలు కీలకాన్ని పట్టుకున్నాడు: గాలిలో ఎక్కువ భాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ భూమి నుంచి పైకిపోయే పరారుణ వేడిని, అంటే కంటికి కనబడని వేడి కిరణాల్ని, వదిలేస్తాయి, కొద్దిపాటి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఆపుతాయి. 1896లో అరీనియస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త చేత్తో లెక్కలు వేసి, ఈ వాయువు రెట్టింపైతే అయిదారు డిగ్రీలు పెరుగుతుందన్నాడు. ఇప్పటి అంచనా అంతకన్నా తక్కువ, చాలావరకు రెండున్నర నుంచి నాలుగు డిగ్రీల మధ్య.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1900లో ఆంగ్‌స్ట్రమ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఒక గొట్టంలో ఈ వాయువు నింపి పరారుణ కిరణాలు పంపించి చూశాడు. వాయువు తగ్గించినా కిరణాలు ఆగడంలో పెద్ద తేడా రాలేదు. అంటే పట్టాల్సినంత వేడి ఇప్పటికే పట్టేసింది, ఇంకెంత పొగ కలిపినా కొత్తగా జరిగేదేమీ లేదన్నమాట. ఎంత గట్టి వాదనో చూడండి! దాదాపు యాభై ఏళ్ళు చాలామంది దీన్నే నమ్మారు. చదువుకునే రోజుల్లో ఎక్కడో చదివి నేనూ నమ్మాను. పొరపాటు ఎక్కడంటే, ఆకాశం ఒక్క గొట్టం కాదు, దొంతర. వేడి కింద నుంచి ఒక్క దూకులో బయటపడదు. ఒక పొర పట్టుకుని పై పొరకు అందిస్తుంది, చివరికి పల్చటి పై పొర నుంచి అంతరిక్షంలోకి జారుతుంది. వాయువు పెరిగితే ఆ చివరి మెట్టు ఇంకా ఎత్తుకు జరుగుతుంది. పైకి వెళ్ళేకొద్దీ చలి. చల్లటి పొర తక్కువ వేడిని వదులుతుంది. దాంతో కింద మిగిలే వేడి పెరుగుతుంది. 1938లో క్యాలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజనీరు పాత ఉష్ణోగ్రతల రికార్డులు పోగేసి, భూమి నిజంగానే వేడెక్కుతోందని చూపించాడు. 1950లలో ప్లాస్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్ సాయంతో పొర పొరకీ లెక్క కట్టాక ఆంగ్‌స్ట్రమ్ వాదన నిలబడలేదు.

గాలిలో ఈ వాయువు పెరుగుతోందా అంటే, దానికి కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలతలున్నాయి. 1958లో హవాయిలోని మౌనాలోవా కొండ మీద మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్ళలో 315 పాళ్ళు. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగల్ని కొలిస్తే, గత 8 లక్షల ఏళ్ళలో ఎప్పుడూ 300 పాళ్ళను మించి పెద్దగా పోలేదు. ఫ్యాక్టరీల కాలానికి ముందు 280.

సరే, పెరిగింది మన పొగే అని ఏమిటి గ్యారంటీ? సముద్రం వదిలి ఉండొచ్చుగా? నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే పొడి ఇక్కడే దొరుకుతుంది. బతికున్న చెట్లలో కార్బన్-14 అనే కొద్దిపాటి రేడియోధార్మిక కార్బన్ ఉంటుంది. అది 5,730 ఏళ్ళకు సగమవుతుంది. బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ళ నాటివి కాబట్టి వాటిలో అది దాదాపు సున్నా. ఆ పొగ గాలిలో కలిస్తే పాలలో నీళ్ళు కలిసినట్టు కార్బన్-14 పల్చబడాలి. 1955లో సూయెస్ అనే శాస్త్రవేత్త చెట్ల కలపలో సరిగ్గా ఆ పల్చదనాన్నే చూశాడు. పైగా మనం వదిలిన దాంట్లో గాలిలో మిగిలేది దాదాపు సగమే. మిగతాది సముద్రమూ నేలా మింగుతున్నాయి. సముద్రంలోనూ ఈ వాయువు పెరుగుతోంది. తన సంచీ నింపుకుంటున్నవాడు ఇంకొకరికి ధారపోశాడంటే ఎలా నమ్మడం? అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మన పొగలో నూటికి ఒక వంతు కూడా ఉండదు.

ఇక సూర్యుడు. 1978 నుంచి ఉపగ్రహాలు ఆయన వెలుగును కొలుస్తున్నాయి. పదకొండేళ్ళకోసారి వెయ్యింట ఒక వంతు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. ఇన్నేళ్ళలో పైకి ఎక్కిన జాడ లేదు, భూమి మాత్రం వేడెక్కుతూనే ఉంది. ఇంకో సంగతి: సూర్యుడే దొంగైతే గాలి కింది అరా పై అరా రెండూ వేడెక్కాలి. జరుగుతున్నది వేరు. కింద వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొర చల్లబడుతోంది. ఓజోన్ తరగడం వల్ల అందులో కొంత జరిగిన మాట నిజమే, కానీ అన్నిటికన్నా పై భాగం చల్లబడటానికి ముఖ్య కారణం కార్బన్ డయాక్సైడ్. ఇలా అవుతుందని 1967లోనే మనాబె, వెదరాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మనాబెకి 2021లో నోబెల్ వచ్చింది.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. 1990లలో స్పెన్సర్, క్రిస్టీ అనే ఇద్దరు ఉపగ్రహాల లెక్కలు చూపించి, వేడి పెరగడమే లేదన్నట్టు మాట్లాడారు. తరగతిలో పిల్లలు అడిగితే నేను "చూద్దాం, ఇంకా తేలలేదు" అని నాన్చేవాణ్ణి. ఉపగ్రహాలు గాలి రాపిడికి కొంచెం కిందికి జారుతున్నాయని, దాంతో వేడి లెక్క తక్కువగా వస్తోందని 1998లో వేరేవాళ్ళు పట్టుకున్నారు. అవి రోజులో కొలిచే వేళ మారిపోవడాన్ని సరిదిద్దడంలోనూ తప్పు దొర్లిందని 2005లో తేలింది. సరిచేశాక ఆ లెక్కల్లోనూ వేడి పెరుగుతున్నట్టే కనబడింది. అయినా ఆ ఇద్దరి మీద నాకు కోపం లేదు. వాళ్ళు అడ్డం తిరగబట్టే కొలతలు పదునెక్కాయి.

తమ్ముడు ఇంకోటి కూడా అన్నాడు. మంచు బుడగల్లో ముందు వేడి పెరిగింది, తర్వాతే వాయువు పెరిగింది కదా అని. చాలాచోట్ల నిజమే. కక్ష్య మారి కాస్త వేడెక్కితే సముద్రం తనలోని వాయువును వదులుతుంది, అది వేడిని ఇంకా పెంచుతుంది. అప్పట్లో ఆ వాయువు మధ్యలో వచ్చి చేరింది, ఇప్పుడు మనమే ముందు తెచ్చిపోశాం.

వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ నివేదికల్లో మాట ఎలా గట్టిపడుతూ వచ్చిందో గమనించండి. 1995లో మనిషి ప్రభావం కనబడుతోందన్నారు. ఇది మనిషి పనేనని 2007లో నూటికి తొంభై పాళ్ళు నమ్మకమన్నారు, 2013లో తొంభై అయిదు. 2021కి సందేహానికి తావులేదన్నారు.

అక్కా, నువ్వు గెలిచానని ఎగరకు. ప్రతి వరదకీ ప్రతి వడగాలికీ ఇదొక్కటే కారణమని నువ్వనడం తొందరపాటు. ఒక్కో సంఘటననూ విడిగా లెక్క చూడాల్సిందే. వేడి పెరిగితే మేఘాలు ఏం చేస్తాయన్నది ఇంకా చిక్కుముడిగానే ఉంది. అసలైన వాదన ఇప్పుడు జరిగేది అక్కడ, దొంగ ఎవరన్న చోట కాదు.

ఇద్దరికీ ఒక పని. గత శతాబ్దపు రికార్డుల్లో చాలాచోట్ల పగటి వేడి కన్నా రాత్రి వేడి త్వరగా పెరిగింది. రాత్రి సూర్యుడు ఉండడు. మరి ఇది ఎవరి భుజం మీది పొడి, ఎంత గట్టి పొడి? మేఘాల సంగతి మరిచిపోకుండా ఆలోచించి జవాబు రాయండి. ఫోన్లో చెప్పొద్దు, మళ్ళీ కొట్టుకుంటారు.

ఇట్లు,
మీ తాతయ్య