అర అంగుళం గీత: చవక ఫిఫ్టీ కేలిబర్ రైఫిల్ వెనక కథ

ఫిఫ్టీ కేలిబర్ బ్యారెల్‌ను అడ్డంగా కోసి చూస్తే లోపల మెలితిరిగిన గాడులు, వాటి మధ్య గట్లు కనిపిస్తాయి. గట్టు నుంచి ఎదుటి గట్టుకు కొలిస్తే 0.500 అంగుళం. గాడి నుంచి గాడికి కొలిస్తే 0.510. గుండు 0.510 అంగుళం ఉంటుంది కాబట్టి గట్లు దాని ఒంట్లోకి దిగి, దాన్ని తిప్పుతూ బయటికి పంపుతాయి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం బోర్ (బ్యారెల్ లోపలి వెడల్పు) అర అంగుళం దాటిన తుపాకీ, వేటకు పనికొచ్చే కొన్నిటిని మినహాయిస్తే, ‘విధ్వంసక ఆయుధం’. ఆ కొలత గట్ల దగ్గర తీస్తారు. అందుకే ఈ తూటా గీతకు లోపలే ఆగింది, మామూలు రైఫిల్‌గా అమ్ముడవుతోంది. కొలత గాడుల దగ్గర తీసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పెద్ద కేలిబర్ దూరపు రైఫిల్ సామాన్యుడికి ఎప్పుడు అందింది, ఎప్పుడు చేజారింది అన్నది తయారీ ఖర్చు ఒక్కటే తేల్చిన విషయం కాదు. చట్టం దేన్ని కొలిచిందన్న దాన్ని బట్టి ప్రతిసారీ ధర మారింది.

తూటా పుట్టుక మొదటి ప్రపంచయుద్ధం చివర్లో. జర్మన్ విమానాలకూ, కొత్తగా వచ్చిన ట్యాంకులకూ మామూలు తూటా చాలడం లేదని అమెరికన్ జనరల్ పెర్షింగ్ పెద్ద తూటా అడిగారు. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ తన మెషిన్ గన్‌నే పెంచి దానికి సరిపడేలా చేశారు. వించెస్టర్ కంపెనీ తూటా మీద పనిచేసింది. 1921 నాటికి అది సైన్యంలో చేరింది. మెట్రిక్‌లో దీని కొలత 12.7×99 మిల్లీమీటర్లు. మొత్తం పొడవు దాదాపు 138 మి.మీ., అంటే అరచేతిలో పెట్టుకుంటే రెండు వైపులా బయటికి వస్తుంది. 750 గ్రెయిన్ల గుండు, దాదాపు 49 గ్రాములు, సెకనుకు 2,800 అడుగుల వేగంతో బయల్దేరితే 17,000 జౌళ్లకు పైగా శక్తి ఉంటుంది. భుజానికి ఆనించి పేల్చే రైఫిల్ కోసం దీన్ని ఎవరూ తయారు చేయలేదన్నది గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చిన తిప్పలన్నిటికీ మూలం అదే.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పెద్ద తుపాకీ చవగ్గా దొరికిన కాలం ఒకటుంది. యూరప్‌లో మిగిలిపోయిన ట్యాంకు నిరోధక రైఫిళ్లను సామ్ కమింగ్స్ లాంటి వ్యాపారులు టోకున కొని అమెరికాకు తెచ్చారు. ఫిన్లాండ్ తయారీ 20 మి.మీ. లాహ్తి, బ్రిటన్ తయారీ .55 బాయ్స్ రైఫిళ్లు పత్రికల్లో ప్రకటన చూసి, పోస్టులో డబ్బు పంపితే ఇంటికి వచ్చేవి. యాభై కిలోల బరువుండే లాహ్తి వంద డాలర్లకు అటూఇటూగా దొరికేది. 1965లో న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూజ్‌లో దొంగలు 20 మి.మీ. తుపాకీతో బ్రింక్స్ సంస్థ ఖజానా గోడను పగలగొట్టారు. అంతకు రెండేళ్ల ముందు అధ్యక్షుడు కెనడీని చంపిన రైఫిల్ కూడా పోస్టులో తెప్పించుకున్నదే. 1968 తుపాకీ నియంత్రణ చట్టం పోస్టు బేరాన్ని ఆపింది, అర అంగుళం గీత గీసింది. గీత దాటి ‘విధ్వంసక ఆయుధం’ అయిన ప్రతి తుపాకీనీ రిజిస్టర్ చేయాలి, 200 డాలర్ల పన్ను కట్టాలి. తుపాకీ వందైతే పన్ను రెండొందలు!

అప్పుడు మొదలైంది గీతకు ఇవతల నిలబడే విద్య. .55 బాయ్స్ రైఫిళ్ల బ్యారెళ్లు తీసేసి ఫిఫ్టీ బ్యారెళ్లు బిగించారు. చట్టం లెక్కలో అది మళ్లీ మామూలు రైఫిల్ అయిపోయింది. కానీ అది ఒక్కొక్కటిగా చేతిపని, దానికి తగ్గట్టే నాణ్యత.

1982లో టెనెసీ రాష్ట్రం మర్‌ఫ్రీస్‌బరోలో రానీ బారెట్ అనే ఫొటోగ్రాఫర్, నదిలో గస్తీ పడవ మీదున్న బ్రౌనింగ్ మెషిన్ గన్లను ఫొటో తీశాక, అదే తూటాను భుజం మీద నుంచి పేల్చే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ గీసి తయారుచేశారు. 1989లో స్వీడన్ సైన్యం, ఆ మరుసటి ఏడు అమెరికన్ మెరైన్లు కొన్నారు. 14 కిలోల బరువు, 10 తూటాల మ్యాగజైన్, పేలిన ప్రతిసారీ వెనక్కి జారే బ్యారెల్. ఇంత యంత్రాంగం చవగ్గా రాదు. ఇవాళ్టికీ అది దాదాపు 9,000 డాలర్లు. అయినా పౌరులు కొన్నారు. 1985లో ఫిఫ్టీ కేలిబర్ షూటర్ల సంఘం ఏర్పడి వెయ్యి గజాల పోటీలు పెట్టింది. కాగితం మీద గురి చూసే పోటీకి పది తూటాల మ్యాగజైన్ ఎందుకు? ఒక్కటి వేసి, కొట్టి, మళ్లీ వేసుకుంటే చాలు. చవక రైఫిల్‌కు దారి తీసిన ఆలోచన ఇదే.

1990ల చివరికి ఒక్క తూటా రైఫిళ్లు వరసపెట్టి వచ్చాయి. 1999లో ఆర్మలైట్ ఏఆర్-50, బారెట్ ఎం99 వచ్చాయి. ఫ్లోరిడాలో సెర్బు బీఎఫ్‌జీ-50 వచ్చింది. యూటాలో ఎల్‌ఏఆర్ గ్రిజ్లీ బిగ్ బోర్ అంతకు ముందు నుంచే ఉంది. బారెట్ ధరలో మూడోవంతుకు అటూఇటూగా ఇవి దొరికాయి. మ్యాగజైన్ లేదు, కదిలే బ్యారెల్ లేదు, ఎగదోసే స్ప్రింగులు లేవు. పోయినవి ఖర్చు భాగాలు, ఖచ్చితత్వం మాత్రం పెరిగింది. ఆదా చేసింది సరైన చోటే.

ఆ తర్వాత ఇంకా తగ్గించాలన్న పోటీలో ఆదా వెనక భాగం దగ్గరికి, అంటే తూటాను ఛాంబర్‌లో బిగించి ఉంచే చోటికి చేరింది. ఏఆర్-15 అనే అమెరికన్ రైఫిల్ కింది భాగం మీద బిగించుకునే పై భాగాలు ఒక రకం. వీటిలో బోల్టును మొత్తం బయటికి లాగి, తూటా అడుగు అంచును బోల్టు ముఖానికి చేత్తో తగిలించి, రెండింటినీ కలిపి లోపలికి తోసి తిప్పాలి. నిమిషానికి ఒకటి రెండు దెబ్బలు పడితే గొప్ప, కానీ లాకు గట్టిదే. ఇంకో రకంలో బ్యారెల్ కిందికి వంగుతుంది. తూటా పెట్టి, వెనక మరలున్న మూత బిగించాలి. ఇవే అన్నిటికన్నా చవక, కొన్ని 1,500 డాలర్ల లోపు వచ్చాయి.

2021 ఏప్రిల్‌లో కెంటకీలో ఒక వీడియో చిత్రీకరణలో ఈ మరల మూత రకం రైఫిల్ పగిలింది. మరలు కోసుకుపోయి మూత వెనక్కి ఎగిరింది, ఒక ముక్క పేల్చినతని మెడలో దిగింది. అతను చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డాడు. వాడిన తూటా పాత మిలిటరీ స్లాప్ రకం. ప్లాస్టిక్ తొడుగులో సన్నని టంగ్‌స్టన్ సూదిలాంటి గుండు ఉంటుంది. ఇది దుకాణంలో కొత్తగా దొరికేది కాదు. చేతులు మారి వస్తుంది. మందు ఎవరు నింపారో, ఎంత నింపారో చెప్పేవాళ్లుండరు. పైగా మజిల్ బ్రేక్ (వెనక్కి తన్నే దెబ్బ తగ్గించేందుకు బ్యారెల్ మూతికి బిగించే తొడుగు) ఉన్న రైఫిల్లో ప్లాస్టిక్ రెక్కలు విడిపోతూ బ్రేక్‌కు తగిలే ప్రమాదం ఉంది. మామూలు ఫిఫ్టీ తూటాలో ఒత్తిడి చదరపు అంగుళానికి 54,000–55,000 పౌన్లు. బోల్టును లోపల పట్టి ఉంచే లావుపాటి చెవులున్న రైఫిల్ పొరపాటును కొంత ఓర్చుకుంటుంది. చవక మూత అంతగా ఓర్చుకోదు. కొనేవాళ్లు ధర చీటీ కన్నా ముందు ఈ భాగాన్ని చూడాలి: చెవులు ఎన్ని, ఎంత లావు, కేసు (తూటా ఇత్తడి గొట్టం) చిరిగితే గ్యాస్ ఎటు పోతుంది. పాత రైఫిలైతే, బోల్టు మూసినప్పుడు తూటాకు మిగిలే ఖాళీని చూసే హెడ్‌స్పేస్ గేజితో పరీక్షించకుండా ఒక్క దెబ్బ కూడా వేయకూడదు. ఆ ఖాళీ మరీ ఎక్కువైతేనే పట్టే ‘నో-గో’ గేజి మీద బోల్టు మూసుకుందంటే అది గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సిన రైఫిల్.

అసలు ఖర్చు మాత్రం తూటాది. నెలకు 20 చొప్పున ఏడాదికి 240, ఒక్కోటి 5 డాలర్లనుకున్నా 1,200 డాలర్లు. చవక రైఫిల్ ధర ఏడాదిలో తూటాలకే పోతుంది. మిలిటరీ ఎం33 బాల్ తూటాలు కొంత చవక, కానీ అవి మెషిన్ గన్ కోసం చేసినవి. వంద గజాల దగ్గర దెబ్బలు రెండు మూడు అంగుళాల గుంపుగా పడితే, వెయ్యి గజాల దగ్గర అది రెండు మూడు అడుగులవుతుంది. అలాంటి తూటా వేసి రైఫిల్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది. వెలుగు గీత వదిలే ట్రేసర్, నిప్పు పుట్టించే గుండ్లు చవగ్గా కనిపించినా రేంజిల్లో రానివ్వరు, ఎండుగడ్డి అంటుకుంటుంది. అందుకే ఈ ఆటలో ఉన్నవాళ్లు ఎక్కువగా తూటాలను ఇంట్లోనే నింపుకుంటారు. ఒక్క కేసుకు మందు దాదాపు 230 గ్రెయిన్లు. పౌను మందులో 7,000 గ్రెయిన్లు, అంటే 30 తూటాలకు ఒక డబ్బా ఖాళీ. తూటాలు నింపే మామూలు ప్రెస్సు చాలదు, ఒకటిన్నర అంగుళాల మరలున్న డైలు (అచ్చులు) పట్టే పెద్ద ప్రెస్సు కావాలి. పేలిన ఇత్తడి కేసును పారేయకుండా ఏరుకుంటే రెండో దెబ్బ నుంచి ఖర్చు సగానికి దగ్గరవుతుంది. ముందు రేంజి వెతుక్కోవాలన్నది కూడా చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. మజిల్ బ్రేక్ గ్యాసును పక్కలకూ వెనక్కూ కొడుతుంది, కప్పు కింద పక్క బల్ల వాడి కాగితాలు ఎగిరిపోతాయి. అందుకే చాలా రేంజిలు ఫిఫ్టీని రానివ్వవు. చెవిలో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు, రెండూ తప్పనిసరి.

ఇక గీతల కథ. 2004లో కాలిఫోర్నియా ఫిఫ్టీ రైఫిళ్లను కట్టడి చేసింది, 2005 జనవరి 1 నుంచి అమలైంది. ఆ చట్టం బోర్‌ను కొలవలేదు, తూటాను కొలిచింది: కేసు అడుగు భాగం వెడల్పు 0.800 నుంచి 0.804 అంగుళం, కేసు పొడవు 3.91 అంగుళాలు, గుండు 0.510 నుంచి 0.511. కొలతలు కొద్దిగా మార్చిన .510 డీటీసీ అనే తూటా ఆ పట్టికలో పడలేదు. బారెట్ కంపెనీ ఫిఫ్టీ కేసు మెడను బిగించి .416 బారెట్ తెచ్చింది. అది గాలిని ఇంకా బాగా చీల్చుకుపోయే తూటా. అంటే నిషేధం దూరాన్ని తగ్గించలేదు.

మన దేశంలో ఇది వందేళ్ల కిందటే జరిగింది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోర్ రైఫిళ్లు, తూటాలు ఇండియాలోకి రాకుండా ఆపింది. మార్టినీ-హెన్రీ తుపాకులున్న తిరుగుబాటుదార్ల చేతికి ఆ గుండ్లు చేరతాయన్నది భయం. లండన్ తుపాకీ కంపెనీలు వెంటనే .465, .470, .475 తెచ్చాయి. పులివేటలకు వెళ్లే దొరలూ, సంస్థానాధీశులూ వాటికి మారారు. సైన్యం వాడిన .303 పౌరులకు కుదరదు కాబట్టే .315 వేట రైఫిల్ మన దగ్గర పాతుకుపోయింది. పంట కాపలాకు లైసెన్సున్న రైతు చేతిలో ఈనాటికీ ఆ బోర్ కనిపించడానికి కారణం అదే.

కెనడా వేరే దారి పట్టింది. 2020 మే 1న అది బోర్‌తో పాటు శక్తిని కూడా కొలిచింది. 10,000 జౌళ్లు దాటితే నిషేధం. ఫిఫ్టీ పోయింది, .416 కూడా పోయింది. పేరు మార్చి, మెడ బిగించి తప్పించుకునే దారి మూసుకుపోయింది. గీత గీయడం తెలిసిన చట్టం ఇదేనని చెప్పాలి, దానితో ఏకీభవించినా లేకున్నా. అమెరికాలో న్యూజెర్సీ 2022లో, ఇల్లినాయి 2023లో ఫిఫ్టీ అమ్మకాలను ఆపాయి. టెక్సస్‌లో కొన్న రైఫిల్‌తో న్యూజెర్సీకి ఇల్లు మారితే నేరంలో పడినట్టే. మారకముందే కొత్త రాష్ట్రం చట్టం చదువుకోవాలి.

ఈ ఒత్తిడుల మధ్య చవక దూరపు రైఫిల్ అన్న మాటకు అర్థం మెల్లగా మారింది. 1980లలో ఫిన్లాండ్ కంపెనీ లాపువా తుదిరూపు ఇచ్చిన .338 తూటా శక్తి 6,700 జౌళ్ల చుట్టూ ఉంటుంది. కెనడా గీతకు కూడా ఇవతలే. సావేజ్, రూగర్ లాంటి కంపెనీలు 2010 తర్వాత ఆ రైఫిల్‌ను 2,000 డాలర్లకు దగ్గరగా తెచ్చాయి. బరువు ఏడు కిలోల లోపు, మామూలు ప్రెస్సులో నింపుకోవచ్చు, ఎక్కువ రేంజిలు రానిస్తాయి. 1,500 గజాల దాకా కాగితం కొట్టాలనుకునేవాళ్లకు ఇదే సరైన కొనుగోలు. ఫిఫ్టీ కావాలంటే ఒక్క తూటా బోల్ట్ రైఫిల్, అంతే సొమ్ము స్కోపుకు, దాన్ని బిగించడానికి 20 ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు) వాలున్న రైలు, అంటే పట్టా. వాలు లేని రైలు మీద చాలా స్కోపులు వెయ్యి గజాలకు సరిపడా పైకి తిరగవు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ధర కన్నా ముందు తమ వీసా చూసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం 922(జీ)(5) నిషేధిస్తోంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. దుకాణంలో నింపే 4473 ఫారం ఈ ప్రశ్న సూటిగా అడుగుతుంది, తప్పు జవాబు రాయడమే వేరే నేరం. స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం కూడా నేరమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. రేంజికి తీసుకెళ్లిన సంచిని మాత్రం ఊరికి వచ్చే ప్రయాణానికి వాడకూడదు. సంచి మూలలో మర్చిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్ విమానాశ్రయంలో 1959 ఆయుధాల చట్టం కింద కేసు నమోదవడానికి.