త్సెదకా అంటే దానం అనుకునేవాళ్ల కోసం: యూదు ధర్మం, సామాజిక న్యాయం, కొన్ని అపోహలు

న్యూజెర్సీలో ఒక యూదు సేవాసంస్థలో కేస్ వర్కర్‌గా చేస్తున్నా, 12 ఏళ్లయింది. నేను యూదురాలిని కాదు, గుంటూరు జిల్లా పిల్లని. రబ్బీల (యూదు మతగురువుల) పక్కన కూర్చుని ఏదో విన్నది, పని చేస్తూ నేర్చుకున్నది, అంతే నా చదువు. మనవాళ్లు ఎక్కడ కలిసినా అవే ప్రశ్నలు అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: త్సెదకా అంటే దానం.

వాస్తవం: యూదులు పేదలకిచ్చేదాన్ని త్సెదకా అంటారు. ఆ హీబ్రూ మాట త్సెదెక్ నుంచి వచ్చింది, అంటే న్యాయం. నన్నడిగితే తెలుగులో దీనికి సరైన మాట ధర్మం. గుడి మెట్ల మీద ముసలాయన "ధర్మం చెయ్యండి బాబూ" అంటాడు చూడండి, ఆ ధర్మం. ఇచ్చేవాడికి జాలి కలిగిందా లేదా అన్నది ఎవరూ అడగరు, అది బాకీ కింద లెక్క. బాకీ కాబట్టే కొలతలు కూడా ఉన్నాయి, మామూలుగా సంపాదనలో పదోవంతు, ఎంత మనసున్నవాడైనా ఐదోవంతు దాటకూడదు, ఉన్నదంతా ఇచ్చేసి రేపు తనే చెయ్యి చాపకూడదు కదా. ఇంకోటి, త్సెదకా మీద బతికే పేదవాడు కూడా ఎంతో కొంత త్సెదకా ఇవ్వాల్సిందే అంటుంది తాల్ముద్, అంటే పాతకాలపు రబ్బీల చర్చలు కూర్చిన గ్రంథం. మొదట్లో ఇదేం అన్యాయం అనిపించింది నాకు. తర్వాత మా ఫుడ్ ప్యాంట్రీలో ఒక పెద్దావిడ తన సంచీలోంచి రెండు డబ్బాలు తీసి పక్కింటామెకి దాచడం చూశాక ఇంక నోరెత్తలేదు.

అపోహ: ఎవరికివ్వాలో ఇచ్చేవాడి ఇష్టం.

వాస్తవం: దీనికి పరిగె గురించి చెప్పాలి. మా అమ్మమ్మ చిన్నప్పుడు కోతలయ్యాక చేలో పరిగె ఏరుకునేదిట. బైబిల్లో రూతు బోయజు పొలంలో చేసింది కూడా అదే. రైతు పొలం అంచులు కొయ్యొద్దు, రాలిన వెన్నులు ఏరొద్దు, అవి పేదలకి వదిలెయ్యాలి అని లేవీయకాండం 19లో ఉంది, మర్చిపోయిన పన కోసం వెనక్కి వెళ్లొద్దని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. అంచు అంటే ఎంత అని రైతు బేరాలాడకుండా కనీసం అరవయ్యోవంతు అని మిష్నా (తాల్ముద్‌కి మూలమైన ధర్మశాస్త్రం) తేల్చేసింది. నాకు బాగా నచ్చేది ఆ తర్వాత మాట: ఒకరిని ఏరుకోనిచ్చి ఇంకొకరిని ఆపితే ఆ రైతు పేదల సొమ్ము దోచుకున్నట్టే, ఒక్కరికే సాయం చేసినా దోచుకున్నట్టే. సాయం చేసినా! ఎందుకంటే ఆ అంచు అతనిది కాదు, పంచే అధికారం కూడా అతనిది కాదు.

నేను ఇంతకుముందు చేసినచోట, పేరెందుకులెండి, బియ్యం సంచీ ఇవ్వడానికి మూడు పేజీల ఫామ్, జీతం కాగితాలు, ఇంటి అద్దె రసీదు అన్నీ అడిగేవాళ్లం. ఇదే చర్చ తాల్ముద్‌లో ఉంది. తిండి అడిగినవాడిని విచారించాలి, బట్టలకైతే అక్కర్లేదు, బట్ట లేకుండా నిలబడ్డవాడికి అవమానం కదా అని ఒక రబ్బీ, కాదు బట్టలకి విచారించు, ఆకలన్నవాడికి ముందు పెట్టు అని ఇంకో రబ్బీ. రెండోదే నిలబడింది. ఇక్కడ మేం తిండికి కాగితాలు అడగం.

అపోహ: గుప్తదానమే అన్నిటికంటే గొప్పది.

వాస్తవం: 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న మైమోనిడీస్ త్సెదకాకి 8 మెట్లు రాశాడు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఒకరి మొహం ఒకరికి తెలియకపోవడం అందులో రెండోది. పైన ఉన్నది అప్పివ్వడం, పని చూపించడం, వ్యాపారంలో వాటా కలపడం, అంటే వాడు మళ్లీ అడగాల్సిన అవసరం రాకుండా చెయ్యడం. న్యూయార్క్‌లో హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ 1892 నుంచి వడ్డీ లేకుండా అప్పులిస్తోంది, మతం చూడదు.

వడ్డీ అనగానే "వడ్డీ వ్యాపారం వాళ్లదే కదా, అందరూ డబ్బున్నోళ్లే" అంటారు మనవాళ్లు. తోటి పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండం 22లోనే ఉంది. బయటివాళ్ల దగ్గర తీసుకోవచ్చని ద్వితీయోపదేశకాండం 23లో ఉన్నమాట కూడా నిజం, దాచను. మధ్యయుగాల యూరప్‌లో చాలాచోట్ల యూదులని భూమికీ, చేతివృత్తుల సంఘాలకీ దూరంగా పెట్టారు, క్రైస్తవులకి వడ్డీ తీసుకోవడం చర్చి నిషేధించింది, మిగిలిన పని వీళ్లకి అంటగట్టి తర్వాత అదే తిట్టుగా వాడారు. ఇక డబ్బున్నోళ్లంటారా, మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం వాళ్లున్నారు, తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు, వాళ్లకో సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) కూడా ఉంది. ఎక్కువమంది కూలి పనులు చేసుకునేవాళ్లే.

అపోహ: తిక్కున్ ఓలామ్ అంటే సామాజిక సేవ అని బైబిల్లో ఉంది.

వాస్తవం: బైబిల్లో లేదు. అమెరికాలో బ్యానర్ల మీద కనిపించే "లోకాన్ని బాగుచెయ్యడం" అన్న అర్థం గత శతాబ్దంలో పెరిగింది. మిష్నాలో ఆ మాట వచ్చేది చట్టంలో చిక్కులు సరిచేసేచోట. ఏడో ఏడు అప్పులన్నీ రద్దవ్వాలి, దాంతో ఆ ఏడు దగ్గరపడేకొద్దీ పేదవాడికి అప్పు పుట్టేది కాదు, అప్పుడు హిల్లెల్ అనే పండితుడు ఆ బాకీలు రద్దవ్వకుండా కోర్టు పేరుకి మార్చే ప్రోజ్బూల్ అనే పత్రం పెట్టాడు, అది తిక్కున్ ఓలామ్. మంచి ఉద్దేశంతో పెట్టిన చట్టమే పేదవాడిని దెబ్బతీస్తే ఏం చెయ్యాలి అన్న గొడవ అన్నమాట. నాకైతే బ్యానర్ మీద అర్థం కంటే ఇదే పనికొచ్చింది.

అపోహ: "కంటికి కన్ను" మతం కదా, ఉరిశిక్షకి ఒప్పుకునే ఉంటారు.

వాస్తవం: కంటికి కన్ను అంటే రబ్బీల లెక్కలో నష్టపరిహారం: గాయానికి, నొప్పికి, వైద్యానికి, పోయిన పనిరోజులకి, అవమానానికి, ఐదు ఖాతాలు. మరణశిక్ష దగ్గర మాత్రం వాళ్లలో వాళ్లకే పడలేదు. ఏడేళ్లకి ఒకరిని చంపిన న్యాయసభని హంతక సభ అనాలి అంది మిష్నా, ఏడేళ్లు కాదు 70 ఏళ్లు అన్నాడు ఇంకో రబ్బీ, మేం ఆ సభలో ఉండుంటే అసలెవరూ చచ్చేవాళ్లు కాదన్నారు తర్ఫోన్, అకివా అనే ఇద్దరు రబ్బీలు. దానికి షిమోన్ బెన్ గమ్లియేల్, అలాగైతే హంతకులు పెరిగిపోయేవాళ్లు అన్నాడు. ఆ అధ్యాయం అక్కడితో ఆగిపోతుంది. మా ఆఫీసులో ఇద్దరు రబ్బీలు ఇప్పటికీ ఇదే పేజీ పెట్టుకుని లంచ్ టైమ్‌లో కొట్టుకుంటారు.