చేదు బెరడు సంగతి

చిరంజీవులకు ఆశీస్సులు.

"తాతయ్య పొద్దున్నే చేదు ఆకురసం తాగుతున్నాడు కదా, మళ్లీ మాత్రలెందుకు?" అని అడిగారు. మీ తాతయ్యది టైప్ 2 మధుమేహం. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట సరిగా వినవు. అందుకే చక్కెర నెత్తుటిలో పేరుకుపోతుంది.

మీ వయసులో నేనూ తాతయ్యా పొడపత్రి ఆకు నమిలి, ఆ వెంటనే చెరో చెంచా పంచదార నోట్లో పోసుకున్నాం. తీపి లేదు, ఇసుక నమిలినట్టు పలుకులు పళ్ల కింద కరకరలాడాయి, అంతే. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలను కాసేపు అడ్డుకుంటాయి. చక్కెర జబ్బు కూడా ఇలాగే మాయమవుతుందని తాతయ్య ఆనాడే తేల్చేశాడు. మోసపోయింది నాలుక ఒక్కటేనని ఆయనకు ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

అయితే మొక్కల్లో మందు లేదనుకోకండి. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరు చేశారు. దాన్ని ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని 1886లో ఫాన్ మేరింగ్ అనే వైద్యుడు చూపించాడు. ఎలాగంటే, మూత్రపిండాన్ని చేట పట్టుకున్న పొదుపరి అవ్వ అనుకోండి. ఆరోగ్యవంతుడి నెత్తుటిని వడగట్టేటప్పుడు రోజుకు సుమారు 180 గ్రాముల గ్లూకోజు జారిపడుతుంది. అవ్వ పొట్టును పోనిచ్చి, ఆ గింజలన్నిటినీ ఏరి మళ్లీ గాదెలో పోస్తుంది. గాదె పొంగిపొర్లుతున్నా ఆవిడ చెయ్యి ఆగదు. మధుమేహంలో ఇంకా ఎక్కువే ఏరుతుంది. ఫ్లోరిజిన్ వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంటుంది. చిక్కేమిటంటే, మింగిన ఫ్లోరిజిన్ చాలావరకు పేగులోనే విరిగిపోతుంది, పైగా పేగులో గ్లూకోజును లోపలికి చేరవేసే చేతినీ పట్టుకుని విరేచనాలు తెప్పిస్తుంది. పేగులో చేట ఎక్కడిదని అడగకండి, నా పోలిక అంతవరకే నడుస్తుంది. రసాయన శాస్త్రజ్ఞులు ఆ అణువును ఏళ్ల తరబడి సవరించి, పేగులో విరగకుండా, ముఖ్యంగా మూత్రపిండం దగ్గరే పనిచేసేలా మలిచారు. ఆ మందులు 2012 చివరి నుంచే రోగులకు అందాయి. బెరడు నుంచి మాత్ర దాకా పట్టిన కాలం ఎంతో మీరే లెక్కవేయండి.

తాతయ్య గ్లాసులోని ఆకురసానికి ఆ ప్రయాణం ఇంకా పూర్తి కాలేదు. ఒకే మొక్క ఆకులో కూడా నేలను బట్టి, కాలాన్ని బట్టి సారం మారుతుంది. ఇవాళ్టి గ్లాసులో ఉన్నంత రేపటి గ్లాసులో ఉండదు. మాత్రలతో పాటు తాగితే ఒక్కోసారి చక్కెర మరీ పడిపోవచ్చు. కాబట్టి రసం సంగతి డాక్టరుకు చెప్పమనండి, మాత్రలు మాత్రం మాననివ్వకండి.

ఈ ఉత్తరం చదవగానే తాతయ్య మాత్రల అట్ట తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాగా చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటే, ఆ "ఫ్లోజిన్"లో వినిపిస్తున్నది మన ఆపిల్ బెరడే. ఉందో లేదో నాకు రాయండి.

మీ చిన్నతాతయ్య