సీరీస్‌ల మీద ఇష్టం పోయిందా, లేక టీవీ సెట్టింగే పోయిందా? ఒక టీవీ మెకానిక్ చెప్పే అపోహలు – వాస్తవాలు

వైజాగ్‌లో టీవీలు బాగుచేయడం మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్లు దాటింది. పిక్చర్ ట్యూబ్ డబ్బాలను ఇద్దరం పట్టుకుని మేడ దింపిన రోజుల నుంచి, గోడకి బిగించే పల్చటి ఎల్ఈడీల దాకా అన్నీ ఈ చేతులమీదుగానే వెళ్లాయి. గాజువాక నుంచి భీమిలి వరకూ ఎవరు పిలిచినా వెళ్తాను. నాలుగైదేళ్లుగా ఒక మాట తరచూ వింటున్నాను. "టీవీకేం కాలేదండీ, మాకే చూడబుద్ధి కావట్లేదు."

ఒకప్పుడు సీరియల్ టైముకి వంట ముగించుకుని కూర్చున్నవాళ్లే ఇలా అంటున్నారు. ఎందుకని అడిగితే వయసంటారు, ఫోనంటారు, ఇప్పటి కథల్లో పస లేదంటారు. అవీ ఉండొచ్చు, కాదనను. కానీ రిమోట్ తీసుకుని మెనూలో పది నిమిషాలు తిరిగితే, చాలా ఇళ్లలో అసలు కారణం అక్కడే దొరుకుతోంది. ఈ సంగతి తెలియక మంచి కథలకి దూరమైపోతున్నవాళ్లని చూస్తే బాధేస్తుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: "వయసైపోయింది, ఇంక కథ మీద మనసు నిలవట్లేదు."

వాస్తవం: చాలామందికి మనసు నిలవకపోవడం కాదు, మాట వినపడకపోవడం.

ఎంవీపీ కాలనీలో ఒక రిటైర్డ్ టీచరుగారు ఒక్కరే ఉంటారు. అబ్బాయి విదేశం నుంచి డబ్బు పంపి 55 అంగుళాల టీవీ కొనిపెట్టాడు, ఓటీటీ చందాలు కూడా కట్టాడు. నన్ను పిలిచింది టీవీ స్టాండు వదులైందని. నేను స్క్రూలు బిగిస్తుంటే ఆవిడ అన్నారు, "ఏటో బాబూ, మూడు నెలలైంది ఇది పెట్టి. మాటలేమో గుసగుసలు, పాట రాగానే ఇల్లు దద్దరిల్లిపోద్ది. రిమోట్ పట్టుకుని సౌండు పెంచడం, తగ్గించడం. విసుగొచ్చి మానేశాను."

చూస్తే, టీవీ చెక్క షోకేసు గూడులో లోపలికంటా ఉంది. పల్చటి టీవీల స్పీకర్లు ముందుకి చూడవు. కిందికో, వెనక్కో ఉంటాయి. గూడులో పెడితే మాట ఆ చెక్కల మధ్యే తిరిగి ముద్దైపోతుంది. దానికి తోడు మన ఊరి ఉక్కపోతకి ఫ్యాను ఐదు మీద తిరుగుతోంది, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, బయట బస్సులు. యాప్ తెరిచి చూస్తే ఆడియోలో "తెలుగు 5.1" ఎంచుకుని ఉంది. 5.1 అంటే ఆరు స్పీకర్ల కోసం కలిపిన శబ్దం. అందులో సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకరుకి వెళ్తుంది. ఆ మధ్య స్పీకరే లేని టీవీలో ఆరింటినీ కుదించి రెండింట్లో వినిపించాలి. అప్పుడు వానా, సంగీతం, బండి శబ్దం ముందుకొచ్చి, మాట వెనకబడుతుంది.

నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. ఆడియోని మామూలు తెలుగు స్టీరియోకి, అంటే రెండు స్పీకర్ల శబ్దానికి మార్చాను. సౌండ్ మోడ్‌లో సరౌండ్ తీసేసి క్లియర్ వాయిస్ పెట్టాను. కొన్ని కంపెనీలవాళ్లు దాన్నే డైలాగ్ అంటారు, స్పీచ్ అంటారు. టీవీని గూడు అంచుదాకా ముందుకి జరిపాను. ఫ్యాను రెండుకి తగ్గించాను.

వెళ్లబోతుంటే ఆవిడ వెళ్లనివ్వలేదు. "ఉండు బాబూ, కాఫీ తాగి ఒక భాగం అయిందాకా కూర్చో. నువ్వెళ్లాక మళ్లీ వినపడకపోతే ఏటి చెయ్యను?" కూర్చున్నాను. తెర మీద ఇద్దరు అక్కాచెల్లెళ్లు వంటింట్లో ఉన్నారు. అక్క పప్పు గిన్నె మీద మూత పెడుతూ, వెనక్కి తిరక్కుండా, "నువ్వు వస్తావని ఎసరెక్కువ పెట్టాను" అంది. చాలా చిన్న గొంతుతో. టీచరుగారు చప్పున నా వైపు తిరిగి, "ఆ ముక్క వినపడింది!" అన్నారు. ఆ భాగం నలభై నిమిషాలు. రోజంతా టీవీల మధ్యే ఉంటూ, పిక్చరొచ్చిందా, సౌండొచ్చిందా అని తప్ప ఒక కథ మొదలు నుంచి చివరిదాకా చూసి నాకే కొన్నేళ్లయిందని ఆ సోఫాలో కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ రాత్రే ఇంటికెళ్లి మా ఆవిడతో కలిసి అదే సీరీస్ మొదటి భాగం నుంచి మొదలుపెట్టాను.

వయసు సంగతి కూడా చెప్పాలి. వయసు మీదపడేకొద్దీ ముందుగా తగ్గేది సన్నటి, కీచుమనే శబ్దాలు వినే శక్తి. స, ష, ఫ, త లాంటి హల్లులు అక్కడే ఉంటాయి. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. వాళ్లు అన్నది అక్షరాలా నిజం. అలాంటివాళ్లకి వాల్యూమ్ పెంచితే లాభం తక్కువ. సౌండ్ మెనూలో బేస్ (లావు శబ్దం) తగ్గించి ట్రెబుల్ (సన్నటి శబ్దం) కొంచెం పెంచండి. తెలుగు సీరీస్‌కి తెలుగు సబ్‌టైటిల్సే పెట్టుకోండి. సబ్‌టైటిల్స్ భాష రానివాళ్ల కోసమే అనుకోవడం కూడా అపోహే. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే చెవి డాక్టరుకి చూపించుకోవాలి, అది నా పని కాదు.

అపోహ: "బొమ్మ ఎంత ధగధగలాడితే అంత మంచి టీవీ."

వాస్తవం: ఆ ధగధగ షోరూము కోసం. డజను ట్యూబులైట్ల కింద, పక్క టీవీతో పోటీపడి కొనేవాళ్ల కంట్లో పడాలని వివిడ్ మోడ్ ఉంటుంది. ఇంటికి తెచ్చాక కూడా చాలామంది దాన్నే ఉంచేస్తారు. ముఖాలు నీలంగా, పాలిపోయినట్టుగా కనిపిస్తాయి, రాత్రిపూట కళ్లు లాగుతాయి. సినిమా మోడ్‌కి మార్చగానే "పసుపైపోయిందేంటండీ" అంటారు. రెండు రోజులు ఓపిక పట్టమంటాను. మూడో రోజు పాత మోడ్ పెట్టి చూపిస్తే వాళ్లే వద్దంటారు.

ఇంకో లెక్క కూడా ఉంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కేసు: సౌండు వస్తుంది, బొమ్మ రాదు. చీకట్లో తెర మీద టార్చి ఏటవాలుగా వేస్తే లోపల బొమ్మ మసకగా కదులుతూ కనిపిస్తుంది. అంటే ప్యానెల్ బతికే ఉంది, వెనక వెలుగునిచ్చే ఎల్ఈడీ స్ట్రిప్‌లు పోయాయి. బ్యాక్‌లైట్‌ని రోజూ నూటికి నూరు మీద నడిపితే ఆ వేడికి అవి తొందరగా పోతాయి. రాత్రిపూట చూసే ఇంట్లో సగం చాలు.

అపోహ: "కదలిక నున్నగా ఉంటే క్వాలిటీ ఎక్కువ."

దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సినిమాలు, సీరీస్‌లు ఎక్కువ భాగం సెకనుకి 24 ఫ్రేముల్లో, అంటే 24 బొమ్మల్లో తీస్తారు. టీవీ తెర సెకనుకి 50 సార్లో 60 సార్లో మారుతుంది. ఆ ఖాళీలు పూడ్చడానికి టీవీ తనంతట తానే లేని ఫ్రేములు తయారుచేసి మధ్యలో ఇరికిస్తుంది. ఒక కంపెనీ దాన్ని ట్రూమోషన్ అంటే ఇంకోటి మోషన్‌ఫ్లో అంటుంది, మరొకటి ఆటో మోషన్ ప్లస్ అంటుంది. క్రికెట్‌కి పరవాలేదు. కథకి మాత్రం చేటు. లక్షలు పోసి వెలుగునీడలు అమర్చి తీసిన సీను అచ్చం పెళ్లి వీడియోలా కనిపిస్తుంది. నటుడు ఏడుస్తుంటే పక్కన కెమెరా ఉందన్న సంగతే గుర్తుకొస్తుంది. "ఎందుకో నటన సహజంగా లేదు, చీప్‌గా ఉంది" అని సీరీస్‌ని తిట్టి ఆపేసినవాళ్ల ఇళ్లలో దీన్ని ఆపి, అదే సీను మళ్లీ చూపించాను. చాలాసార్లు తప్పు సీరీస్‌ది కాదు.

ఈ బాధ మనదొక్కటే కాదు. 2018 డిసెంబరులో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి వీడియో పెట్టి మరీ, దీన్ని ఆపుకుని చూడండని జనాన్ని కోరారు. 2019లో టీవీ కంపెనీలూ సినిమావాళ్లూ కలిసి ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి ప్రకటించారు. ఇప్పుడు చాలా కొత్త టీవీల్లో ఉంది. అది పెడితే ఈ నునుపు దానంతటదే ఆగిపోతుంది. మీ టీవీలో ఉందేమో ఈ రోజే చూడండి.

అపోహ: "పాత సీరియల్ కూడా స్క్రీన్ నిండా రావాలి, లేకపోతే డబ్బు దండగ."

వాస్తవం: పాత దూరదర్శన్ సీరియళ్లు 4:3 కొలతలో, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడుగా తీసినవి. ఇప్పటి తెర 16:9. సాగదీసి నింపితే ప్రతి మనిషీ మూడో వంతు వెడల్పెక్కుతాడు. 1987 జనవరిలో మొదలైన రామాయణాన్ని 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో మళ్లీ వేశారు కదా. రెండో రోజున మా అమ్మ పిలిచి అడిగింది, "ఒరే, అప్పుడు సన్నగా ఉండేవాడు కదరా రాముడు, ఇలా అయిపోయాడేంటి?" యాస్పెక్ట్ రేషియో 4:3కి మార్చాను. రెండు పక్కలా నల్లపట్టీలొచ్చాయి, మధ్యలో ఆవిడకి తెలిసిన రాముడు వచ్చాడు. అమ్మ చేతులు జోడించింది. ఆ పట్టీలని చెరిపేయాలని చూడకండి.

అపోహ: "తెరకి దగ్గరగా కూర్చుంటే కళ్లు పోతాయి."

పోవు. అలసిపోతాయి, అంతే. చూస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. 1967లో అమెరికాలో ఒక కంపెనీ రంగుల టీవీల నుంచి ఎక్స్‌రేలు మోతాదు మించి వస్తున్నాయని వాటిని వెనక్కి తీసుకున్నారు. దూరంగా కూర్చోమనే భయానికి అలాంటి సంగతులు ఊతమిచ్చాయి. ఇప్పటి టీవీల్లో అప్పటి ట్యూబులే లేవు. అయితే పిల్లాడు పదేపదే ముందుకి జరుగుతుంటే కసరకండి, కళ్లు పరీక్ష చేయించండి. గది పూర్తిగా చీకటి చేయకుండా టీవీ వెనక ఒక చిన్న లైటు ఉంచుకుంటే హాయిగా ఉంటుంది.

అపోహ: "సీరీస్ అంటే ఒక్క రాత్రిలో లాగించేయాలి."

2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ "హౌస్ ఆఫ్ కార్డ్స్" మొదటి సీజన్ 13 భాగాలూ ఒకేసారి వదిలింది. ఆ అలవాటు అక్కణ్నుంచి బాగా పాకింది. 2017లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే సీరీస్‌ని కొందరికి ఏకబిగిన, కొందరికి రోజుకొకటి, కొందరికి వారానికొకటి చూపించారు. ఏకబిగిన చూసినవాళ్లకి మర్నాటికి బాగానే గుర్తుంది. కానీ రోజులు గడిచేకొద్దీ వాళ్లే తొందరగా మర్చిపోయారు, ఆనందించింది కూడా తక్కువేనని తేలింది.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో జెమినీలో "అమృతం" వచ్చేది, ఆదివారం రాత్రి. 2001 నుంచి 2007 దాకా నడిచింది. ఆదివారం మధ్యాహ్నం నుంచి నాకు ఫోన్లే ఫోన్లు: "ఏం చేస్తావో తెలీదు, రాత్రికి టీవీ వచ్చేయాలి." కంచరపాలెంలో ఒకరింట్లో పని సరిగ్గా టైటిల్ పాటకి ముందు పూర్తయింది. పక్కింటివాళ్లు కూడా చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. తర్వాత వారమంతా ఆ మాటలే చెప్పుకునేవారు. ఆ ఆరు రోజుల ఎదురుచూపూ కథలో భాగమే.

అందుకని మా ఇంట్లో ఆటోప్లే, అంటే ఒక భాగం అవగానే తర్వాతిది దానంతటదే మొదలయ్యే సెట్టింగు తీసేశాం. షాపు కట్టేసి తొమ్మిదిన్నరకి ఇంటికొస్తాను, భోజనాలయ్యాక ఒకటే భాగం. అది ఆగాక నేనూ మా ఆవిడా కాసేపు వాదించుకుంటాం, ఆ పాత్ర చేసింది తప్పా ఒప్పా అని. పదిహేనేళ్ల తర్వాత మేం పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు కాకుండా వేరే సంగతి మాట్లాడుకుంటున్నాం.

అపోహ: "మన సముద్రపు గాలికి టీవీ పాడవుతుంది, తక్కువ వాడితేనే మంచిది."

మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. ఉప్పు గాలిలో తేమని పీలుస్తుంది. బోర్డు మీద, పోర్టుల్లో ఆ పొర పేరుకుంటే తుప్పు మొదలవుతుంది. లాసన్స్ బే, పెదవాల్తేరు ఇళ్లలో కేబుల్ పిన్ను పచ్చగా కిలుం పట్టి రావడం నాకు మామూలే. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుపాను తర్వాత నెలల తరబడి అలాంటివే బాగుచేశాను. వన్‌టౌన్ వైపైతే ఉప్పుకి తోడు పోర్టు నల్లధూళి వెనక రంధ్రాల్లో చేరుతుంది. కానీ టీవీ నడుస్తున్నప్పుడు వచ్చే గోరువెచ్చదనమే లోపలి తేమని తరిమేది. గుడ్డ కప్పి నెలలు వదిలేసిన టీవీలే ఎక్కువగా మా షాపుకొస్తాయి. రోజూ ఓ గంట చూడండి. వెనక నాలుగు వేళ్ల జాగా వదలండి. తెరని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, అద్దాల స్ప్రే కొట్టకండి.

ఇక నెట్ సంగతి, రెండు ముక్కల్లో. హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్ వేగం, ఇంకా స్పష్టమైన 4కేకి 15 సరిపోతాయి. ఎక్కువ ఇళ్లలో అడ్డం ప్లాను కాదు, రౌటరుని టీవీ అలమారలో దాచేయడం.

ఈ మార్పులకి మెకానిక్కి డబ్బులివ్వక్కర్లేదు. ఈ రాత్రి సెట్టింగ్స్‌లో పిక్చర్‌కి వెళ్లి సినిమా గానీ ఫిల్మ్‌మేకర్ గానీ పెట్టండి. సౌండ్‌లో క్లియర్ వాయిస్ పెట్టండి. యాప్‌లో 5.1 కాని ఆడియో ఉంటే దాన్ని ఎంచుకోండి. ఎప్పుడో మధ్యలో వదిలేసిన సీరీస్ ఒకటి ఉంటుంది కదా, దాన్ని మొదటి భాగం నుంచి పెట్టండి. ముందు ఫ్యాను రెండుకి తగ్గించడం మర్చిపోకండి.