గాలి ఎటు వీస్తోందో ముందు చూడండి: పిల్లలకు ఒక ఉత్తరం

తిరుపతి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు, వారి స్నేహితులకు ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు మీరంతా అటక మీది ట్రంకుపెట్టె దించి, అందులో ఎండి బిరుసెక్కిన తోలు తూటాల పట్టీని చూసి, "తాతయ్యా, మీరు దుప్పులను వేటాడేవారట, నిజమేనా?" అని అడిగారు. ఇంటినిండా చుట్టాలు ఉండటం వల్ల ఆ పూట మీకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. అది రెండు మాటల్లో తేలే సంగతి కూడా కాదు కనుక, తీరికగా కూర్చుని వ్రాస్తున్నాను.

నిజమే. తుపాకి నేను పట్టలేదు గానీ, భాకరాపేట దగ్గర మా ఊరి నుంచి తలకోన వైపు కొండల్లోకి మా మేనమామ వెంట మూడేళ్ళకు పైగా వేటకు నడిచాను. 1968లో, నా పదమూడో ఏట మొదలైన ఆ నడక 1971 చలికాలంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో కింద వ్రాస్తాను. మరుసటి ఏడు, అంటే 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనమైంది. 2010లో ఈ కొండలన్నీ జీవావరణ రిజర్వులో చేరాయి. ఇప్పుడు జాతీయ ఉద్యానవనంలో వేటాడినవారికి మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలుశిక్ష పడుతుంది. మీ తరానికి దుప్పి వేట లేదు, ఉండకూడదు కూడా. అయితే ఆ మూడేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో తుపాకి పేల్చడం అన్నది చివరి క్షణం మాత్రమే. దానికి ముందు గంటల తరబడి సాగేదంతా మృగానికి తెలియకుండా దాని దగ్గరికి చేరే విద్య. ఆ విద్యకు ఏ చట్టమూ అడ్డు రాదు. అది నాతో పోకూడదని నా కోరిక.

మాకు దారి చూపినది ఒక యానాది పెద్దాయన. నేను ఆయనను 'అబ్బా' అని పిలిచేవాణ్ణి. జల్లెడ పట్టిన మెత్తని బూడిదను పాత పంచెగుడ్డలో నిమ్మకాయంత మూటగా కట్టి, మొలతాడుకు వేలాడదీసుకునేవాడు. పది పదిహేను అడుగులకొకసారి ఆగి ఆ మూటను వేలితో తట్టేవాడు. సన్నని బూడిద పొగలా లేచి ఏ పక్కకు సాగితే గాలి ఆ పక్కకు పోతున్నట్టు. అది మా వీపు మీదుగా ముందుకు సాగిందంటే, "గాలి మనకన్నా ముందు పోతా ఉంది నాయనా, ఇంక మనం పోయి ప్రయోజనం లేదు" అనేవాడు. అప్పుడు మేము కొండ చుట్టి అవతలి వైపు నుంచి రావలసిందే. దుప్పికి కన్ను, చెవి ఎంత చురుకైనా అది అన్నిటికన్నా ముక్కునే నమ్ముతుంది. మనిషి కనిపించినా కదలకపోతే అనుమానంగా చూస్తూ నిలబడుతుంది. మనిషి వాసన తగిలితే మాత్రం ఇక నిలవదు. అందుకే అబ్బ అడవికి వెళ్ళే ముందు రోజు నుంచే బీడీ ముట్టేవాడు కాదు, నా తలకు నూనె రాయనిచ్చేవాడు కాదు.

కొండల్లో గాలికి ఒక దినచర్య ఉంటుంది. పొద్దున ఎండ తగిలి చరియలు వేడెక్కాక గాలి కోనలోంచి పైకి ఎక్కుతుంది. సాయంత్రం చరియలు చల్లబడ్డాక పైనుంచి కోనలోకి దిగుతుంది. కాబట్టి పొద్దెక్కాక మృగాలను చూడాలంటే వాటికన్నా ఎత్తున, సాయంత్రం చూడాలంటే వాటికన్నా పల్లాన కూర్చోవాలి. ఇది తెలియక ఎందరో సాయంత్రం పూట మంచి చోటని గట్టు మీదికెక్కి కూర్చుంటారు, కింద వంకకు నీళ్ళకు రావలసిన మంద వీళ్ళ వాసన పసిగట్టి రాకుండానే మళ్ళిపోతుంది. మబ్బు పట్టిన రోజున, వాన ముందర, ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు బూడిద మూటే దిక్కు.

ఇక కూర్చోవడం. మీ వయసు వారికి ఇదే కష్టం. మన కళ్ళకు కనిపించే రంగులన్నీ దుప్పికి కనిపించవు. ఎరుపును అది మనలా గుర్తించలేదు, కానీ నీలాన్ని బాగా గుర్తిస్తుంది. అన్నిటికన్నా ముందు కదలికను పట్టుకుంటుంది. మట్టిరంగు బట్టలు వేసుకుని, వెనుక ఒక చెట్టు మొదలో బండరాయో ఉండేలా కూర్చుని, దోమ వాలినా చేయి ఎత్తకుండా అరగంట ఉండగలిగితే చాలు. మొదటి పది నిమిషాలు అడవి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. ఆ తరువాత పిట్టలు తమ పనిలో పడతాయి, ఉడుత కిందికి దిగుతుంది, అప్పటిదాకా ఎండుటాకుల రంగులో కలిసిపోయి ఉన్న ఒక చెవి అటూ ఇటూ తిరుగుతుంది. ఆ చెవి వెంట చూపు మెల్లగా జరిపితే మెడ, వీపు, వీపు మీది తెల్లచుక్కలు ఒకటొకటిగా తేలతాయి. చిన్నప్పుడు నేను మొదటిసారి అలా చూసిన దుప్పి నాకు ఇరవై అడుగుల దూరంలోనే, అంతసేపటి నుంచీ పడుకుని ఉంది.

మన కొండల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: మందగా తిరిగే చుక్కల దుప్పి, దానికి రెండింతలకు పైగా బరువు తూగే కణుజు. కణుజును కణితి అని కూడా అంటారు. ఇది ఒంటరిగానో రెండు మూడుగానో రాత్రిపూట తిరుగుతుంది. దుప్పి అడుగుజాడ రెండు బాదం పప్పులు పక్కపక్కన పెట్టినట్టు సన్నగా, ముందు మొనదేలి ఉంటుంది; కణుజుది అదే తీరులో పెద్దది. అడవిపంది జాడ మొద్దుగా ఉండి, మెత్తని నేలలో వెనుక రెండు చిన్న గోళ్ళ గుర్తులు పక్కలకు పడతాయి. దుప్పి పరుగెత్తినప్పుడు దాని గిట్టలు విచ్చుకుని ఆ వెనుక గోళ్ళు కూడా నేలను తాకుతాయి కాబట్టి, ఒక్క గుర్తు చూసి తేల్చేయక నాలుగైదు అడుగుల దూరం వరకు జాడ పట్టి చూడాలి. జాడ అంచు పదునుగా, లోపలి మట్టి తడిగా ఉంటే కొత్తది. దాని మీద మంచుబొట్లు పడిన మచ్చలుంటే తెల్లవారకముందుది. సాలెగూడు అల్లుకుని ఉంటే వదిలేయవచ్చు. పెంటికలైతే కొత్తవి నల్లగా నిగనిగలాడతాయి, ఎండ తగిలాక పొడిబారి రంగు మారతాయి.

చెవులతో చూడటం కూడా నేర్చుకోవాలి. కొండముచ్చులు చెట్టుమీద ఉసిరికాయలూ చిగుళ్ళూ తెంపి సగం తిని పారేస్తుంటే, కింద దుప్పులు వాటిని ఏరుకు తింటాయి. కొండముచ్చు పైనుంచి దూరం చూస్తుంది, దుప్పి కింద వాసన పడుతుంది; ఏది ముందు కేక వేసినా రెండూ అప్రమత్తమవుతాయి. దుప్పి కేక సన్నగా, ఈల వేసినట్టు ఉంటుంది. ముందుకాలితో నేలను తన్ని, తోక కింది తెలుపు కనిపించేలా తోక ఎత్తుతుంది. దుప్పి ఊరికే కూడా బెదురుతుంది. కణుజు మాత్రం పెద్ద గొంతుతో 'ఢాంక్' అని ఒకే చోట నిలబడి మళ్ళీ మళ్ళీ అరిచిందంటే, చిరుతను కళ్ళారా చూసిందనే అబ్బ నమ్మేవాడు. ఆ అరుపు విన్నప్పుడు ఆయన మమ్మల్ని ముందుకు అడుగు వేయనివ్వలేదు. మీరూ వేయవద్దు. వచ్చిన దారినే, పరుగెత్తకుండా, అందరూ ఒక్కచోట ఉండి వెనక్కి రావాలి.

ఇప్పుడు 1971 సంగతి. కార్తీక మాసంలో ఒక సాయంత్రం, వంక ఒడ్డున మాటు వేసి కూర్చున్నాము. వెలుతురు తగ్గిపోయింది. మంద నీళ్ళకు దిగింది. మామయ్య కొమ్ముల మగదానినే గురి చూశాడు గానీ, తుపాకి పేలే క్షణానికి ఒక ఆడ దుప్పి అడ్డం వచ్చింది. మంద చెల్లాచెదురైంది. నేల మీద రక్తం పడింది. అబ్బ ఒక ఆకు మీది చుక్కను బొటనవేలితో రాసి, వాసన చూసి, లాంతరు దగ్గర పెట్టి నాకు చూపాడు. నల్లబారిన రక్తంలో పచ్చని గడ్డి నలుసులు ఉన్నాయి. ఊపిరితిత్తులకు తగిలితే నురగతో లేత ఎరుపుగా ఉంటుందనీ, ఇది పొట్టకు తగిలిందనీ, ఇప్పుడు వెంట పడితే ఆ బాధతోనే కొండంతా తిరుగుతుందనీ, తెల్లవారే దాకా కదలవద్దనీ చెప్పాడు. ఆ రాత్రి మాలో ఎవరమూ నిద్రపోలేదు.

తెల్లవారాక జాడ పట్టి మైలున్నర దూరం నడిచాము. నీళ్ళకోసం వెతుక్కుంటూ వెళ్ళి, ఒక చిన్న మడుగు ఒడ్డున మూతి నీటికి జానెడు దూరంలో ఉండగా అది పడిపోయి ఉంది. శరీరం బిగుసుకుపోయింది. అబ్బ దానిని పక్కకు తిప్పినప్పుడు పొదుగు నిండుగా ఉండటం కనిపించింది. ఆయన చేయి ఒత్తిడికి రెండు పాలచుక్కలు గడ్డి మీద పడ్డాయి. దుప్పి దాదాపు ఎనిమిది నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. ఆ పిల్ల ఏ పొదలోనో తల్లి కోసం కదలకుండా పడుకుని ఉంటుంది. ముగ్గురమూ పొద్దు వాలేదాకా పొద పొదా వెతికాము. దొరకలేదు. మామయ్య అక్కడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక తుపాకి తుడిచి గోడకు తగిలించి, కొన్నాళ్ళకు పోలీసు స్టేషనులో అప్పగించి వచ్చాడు. మీరు చూసిన తూటాల పట్టీ మాత్రం మిగిలిపోయింది.

ఆ పిల్ల ఎందుకు దొరకలేదో మీకు తెలియాలి, ఎందుకంటే మీకు అలాంటి పిల్ల ఎప్పుడైనా ఎదురుపడవచ్చు. పుట్టిన కొత్తలో దుప్పి పిల్ల తల్లి వెంట తిరగదు. తల్లి దానిని గడ్డిలోనో పొదలోనో దాచి మేతకు వెళ్ళి, పాలివ్వడానికి తిరిగి వస్తుంది. అంతవరకు పిల్ల మెడ నేలకు ఆనించి, మనిషి పక్కనుంచి వెళ్ళినా కదలదు. కనుక ఒంటరిగా పడుకున్న పిల్ల కనిపిస్తే అది దిక్కులేనిదని ఎత్తుకురాకండి, ఫోటో కోసం చుట్టూ మూగకండి. మీరు దూరం వెళ్తేనే తల్లి వస్తుంది.

వేసవిలో నీళ్ళు ఇంకిపోయి దుప్పులు కొండ దిగి చెరువుల దగ్గరికి వచ్చినప్పుడు ఊరకుక్కలు తరుముతాయి. అప్పుడు జనం జాలితోనే దానిని పట్టుకుని, నీళ్ళు పోసి, ఒళ్ళు నిమురుతారు. దెబ్బ ఏమీ లేకపోయినా బెదురుతోనే దుప్పి గుండె ఆగి చనిపోవడం నేను రెండుసార్లు చూశాను. ముందు కుక్కలను తోలేయాలి. జనాన్ని దూరం పంపాలి. తప్పనిసరిగా పట్టుకోవలసి వస్తే కళ్ళకు పలుచని గుడ్డ కప్పి, చప్పుడు లేకుండా ఉంచి, అటవీశాఖ వారికి వెంటనే ఫోన్ చేయాలి. ఇక పందుల కోసమని పొలం చుట్టూ కరెంటు తీగ కట్టేవారిని చూస్తే మీ పెద్దవాళ్ళకు చెప్పండి. ఆ తీగకు పంది, దుప్పి, పశువు, మనిషి అన్న తేడా తెలియదు. ఒక చెడ్డ వేటగాడు చేయగలిగిన దానికన్నా ఎక్కువ చావులు ఈ తీగల వల్లే జరుగుతున్నాయని నా గట్టి అభిప్రాయం.

అలిపిరి మెట్లదారిలో జింకల పార్కు దగ్గర మీరు బిస్కెట్లు పెట్టబోతే నేను వద్దన్నందుకు చిన్నది అలిగింది. దుప్పి నెమరువేసే జంతువు. ఆకూ గడ్డీ జీర్ణం చేసుకునే దాని పొట్టకు మైదా, చక్కెర పడవు, కవరు ఉప్పగా ఉంటే కవరునే మింగేస్తుంది. పైగా మనం పారేసే తిండి ఉన్న చోటికి దుప్పులు, పందులు, కుక్కలు చేరితే, వాటి వెనుకే చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో ఆ దారిలోనే ఒక చిన్నారి చిరుత వాత పడింది. ఆ తరువాతే దేవస్థానం వారు నడిచి వెళ్ళేవారికి చేతికర్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. మెట్లెక్కేటప్పుడు మీరు ముందుకు పరుగెత్తవద్దని మీ అమ్మానాన్నలు అనేది అందుకే.

రాలిన కొమ్ము దొరికితే తెచ్చుకోవచ్చా అని పెద్దవాడు అడిగాడు. దుప్పి కొమ్ము ఎముకతో పెరిగి ఏటా రాలి మళ్ళీ మొలుస్తుంది గనుక దానికోసం ఎవరూ చంపి ఉండకపోవచ్చు. అయినా అది ఇంట్లో పెట్టుకోవడం నేరం. అడవిలో ఏదుపందులు ఆ ఎముకను కొరికి తింటాయి. దానిని వాటికి వదిలేయండి.

సంక్రాంతికి మీరు వచ్చేసరికి ఈశాన్య రుతుపవనాల వానలు వెనక్కి తగ్గి, కోనల్లో నీళ్ళు ఉంటాయి. తలకోనకు వెళ్దాం. అటవీశాఖ వారు అనుమతించిన బాట దాటి వెళ్ళము, గైడు లేకుండా కదలము. ఒక్కొక్కరు రెండు లీటర్ల నీళ్ళు, నిండు చేతుల మట్టిరంగు చొక్కా, చీలమండ దాటే మేజోళ్ళు తెచ్చుకోండి. గడ్డిలో పిడుదులు ఉంటాయి, సాయంత్రం వచ్చాక చంకల్లో, మోకాళ్ళ వెనుక వెతికి తీసుకోవాలి. సెంటు, తలనూనె ఆ పూటకు మానండి. బూడిద మూట నేను కట్టి ఉంచుతాను.

ఇట్లు,
మీ తాతయ్య