ఫీజుకి డబ్బుల్లేవని టీసీ అడగకండి: స్కాలర్‌షిప్ సెక్షన్ నుంచి అపోహలు, వాస్తవాలు

మే నెలలో ఒక అమ్మాయి మా సెక్షన్ కిటికీ దగ్గరికి వచ్చి, "మేడమ్, టీసీకి అప్లికేషన్ ఎవరికివ్వాలి?" అని అడిగింది. బీటెక్ మూడో సంవత్సరం. ఇల్లు ఫిషింగ్ హార్బర్ దగ్గర. నాన్న బోటు మీద కూలీకి వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లు కదలవు, ఇంట్లోకి రూపాయి రాదు. సెమిస్టర్ పరీక్షల ముందు "డ్యూ క్లియర్ చెయ్యండి" అని నోటీసు పెట్టేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ అమ్మాయి బాకీ 38 వేలు. గడువు కావాలని అడగలేదు, సాయం అడగలేదు. నేరుగా టీసీ అడిగింది.

విశాఖ చుట్టుపక్కల కాలేజీల స్కాలర్‌షిప్ సెక్షన్లలో పంతొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్లల్లో చాలామందికి ఏదో ఒక దారి ఉండే ఉంటుంది. అది తెలిసేసరికి గడువు దాటిపోతుంది. అందుకే నేను రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డబ్బు లేనప్పుడు టీసీ తీసుకుని వెళ్లిపోవడమే మర్యాద.

టీసీ తీసుకుంటే సీటు పోతుంది. కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్ ద్వారా చేరినవాళ్లకు దాంతోపాటే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా పోతుంది. మళ్లీ చేరాలంటే కొత్తగా మొదలుపెట్టాలి. నిజంగా ఒక ఏడాది పని చేసి డబ్బు కూడబెట్టక తప్పని పరిస్థితే వస్తే, టీసీ జోలికి వెళ్లకుండా ప్రిన్సిపాల్‌కి ఉత్తరం ఇచ్చి డిస్‌కంటిన్యూ అవ్వాలి. తర్వాత అదే సెమిస్టర్‌లో రీఅడ్మిషన్ అడగవచ్చు. జేఎన్‌టీయూ నిబంధనల్లో నాలుగేళ్ల బీటెక్ పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల దాకా సమయం ఉంది. ఉత్తరం ఇవ్వకుండా ఊరికే రావడం మానేసినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

అపోహ: అర్హుల లిస్టులో పేరు రాలేదంటే రీయింబర్స్‌మెంట్ ఇక రానట్టే.

ఈ ఒక్క మాట నమ్మి ఎంతమంది నష్టపోయారో చెప్పలేను. పేరు రానప్పుడు దానికి కారణం ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఆ కారణం తెలుసుకోవాలి. గాజువాక నుంచి వచ్చిన ఒక తండ్రి నాలుగేళ్ల కిందట పాత కారు అమ్మేశాడు. కొన్నాయన ఆర్సీ మార్పించుకోలేదు. రికార్డులో ఇంకా ఈయన పేరు మీదే కారు ఉంది, అందుకని కుర్రాడి దరఖాస్తు అనర్హతలో పడింది. "మా గుంటడికి రాదని చెప్పీసారమ్మా" అంటూ రెండు నెలలు తిరిగాడు. ఎందుకు రాదో మాత్రం ఎవరినీ అడగలేదు. రవాణా శాఖ ఆఫీసులో పేరు మార్పించి, వార్డు సచివాలయంలో అభ్యంతరం పెడితే పని జరిగింది. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉంటే అనర్హత కాదు. ఆ సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఆధార్‌కి బ్యాంకు ఖాతా లింకు లేకపోవడం, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తేడాగా ఉండటం, హాజరు 75 శాతం కంటే తగ్గడం కూడా మామూలుగా కనిపించే కారణాలే. మొదటి రెండూ సరిచేయించుకోవచ్చు. హాజరు మాత్రం ఏడాది ఆఖర్లో ఎవరూ తెచ్చిపెట్టలేరు. సచివాలయంలో పని కాకపోతే సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లలో) చేరినవాళ్లకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. చేరేటప్పుడు ఎవరో "తర్వాత చూసుకుందాం" అంటారు, పిల్లలు నమ్మేస్తారు. హార్బర్ అమ్మాయి చేరింది స్పాట్‌లోనే. ఈ విషయం అడ్మిషన్ రోజునే చెప్పకపోవడం అన్యాయం. మా సెక్షన్లలో పని చేసేవాళ్లందరికీ నేను ఈ మాట చెబుతూనే ఉంటాను.

అపోహ: పొలమో ఇల్లో తాకట్టు పెట్టకుండా బ్యాంకు విద్యారుణం ఇవ్వదు.

4 లక్షల లోపు విద్యారుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. 7.5 లక్షల వరకు కేంద్ర ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది, దాని కింద ఆస్తి, మూడో మనిషి హామీ లేకుండానే ఇస్తారు. అమ్మ గానీ నాన్న గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి. 4 లక్షల దాకా మన వాటా కూడా కట్టనక్కర్లేదు. ట్యూషన్ ఫీజే కాదు, హాస్టల్, పరీక్ష ఫీజు, పుస్తకాలు, అవసరమైతే ల్యాప్‌టాప్ కూడా లెక్కలోకి వస్తాయి. చదువు అయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా కట్టుకోవచ్చు.

మొదటి సంవత్సరంలోనే తీసుకోవాలనీ లేదు. రెండో ఏడో మూడో ఏడో నడుస్తున్నా మిగిలిన చదువుకి అడగవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, సాంకేతిక లేదా వృత్తి విద్యా కోర్సు అయితే, వాయిదాలు మొదలయ్యేదాకా పడే వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్లకు, కుటుంబ ఆదాయం 8 లక్షల వరకు ఉంటే, 10 లక్షల దాకా అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకోవాలి.

బ్రాంచిలో "మా ఏరియా కాదమ్మా, కష్టం" అని నోటిమాటతో పంపేస్తే వెనక్కి రాకండి. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారానే పెట్టండి, అప్పుడు దానికి నంబరు ఉంటుంది. ఇవ్వకపోతే కారణం రాసి ఇమ్మనండి. ఆ కాగితం ఉంటేనే పై అధికారికీ, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కీ ఫిర్యాదు చేయగలరు. సిబిల్ స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యారుణం నిరాకరించకూడదని 2023లో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇంత చెప్పినా చాలా ఇళ్లలో ముందు వెళ్లేది వీధిలోని వడ్డీ వ్యాపారి దగ్గరికే. ఆరోజే డబ్బు చేతిలో పెడతాడు కాబట్టి. మూడు రూపాయల వడ్డీకి 60 వేలు తెస్తే నెలకి 1,800, ఏడాదికి 21,600. మూడేళ్లలో వడ్డీయే 64,800 అవుతుంది, అసలు అసలులాగే ఉంటుంది. ఫోన్‌లో యాప్ అప్పులు ఇంకా ఘోరం. ఆ టెన్షన్‌తో ముందు పాడయ్యేది చదువే.

అపోహ: స్కాలర్‌షిప్‌లు ర్యాంకర్లకే వస్తాయి.

టెక్నికల్ కోర్సుల్లో కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి, తల్లిదండ్రులు లేని పిల్లలకు స్వనాథ్, దివ్యాంగులకు సక్షమ్ ఉన్నాయి. మూడూ ఏడాదికి 50 వేలు. ఇంటర్‌లో తమ బోర్డు పై 20 పర్సంటైల్‌లో ఉండి, ఆదాయం 4.5 లక్షలు దాటనివాళ్లకు కేంద్రం డిగ్రీలో ఏడాదికి 12 వేలు ఇస్తుంది, కానీ రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి అది రాదు. అన్నీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. గడువు తేదీ ముందురోజు సర్వర్ పని చేయదు, పది రోజుల ముందే పెట్టండి.

అపోహ: ఫీజు బాకీ ఉంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరే ఉంచుకోవచ్చు.

ఉంచుకోకూడదు. యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది, చూసి సరిపోల్చుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి. బాకీ వసూలు వేరే విషయం. నేను గతంలో పని చేసిన ఒకచోట ఒక కుర్రాడి టెన్త్ మెమో ఇవ్వక, చేతికొచ్చిన ఉద్యోగానికి వెరిఫికేషన్ తప్పిపోయింది. ఆ ఉద్యోగం వచ్చుంటే మూడు నెలల్లో బాకీ తీర్చేవాడు. ఆరోజు గట్టిగా మాట్లాడలేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: కాలేజీని అడిగినా ఒప్పుకోరు.

అడిగే పద్ధతిని బట్టి ఉంటుంది. "డబ్బులు వచ్చినప్పుడు కడతాం" అన్న ఉత్తరాన్ని ప్రిన్సిపాల్ పక్కన పెడతారు, దాని మీద ఏం రాయాలో ఆయనకీ తెలియదు. హార్బర్ అమ్మాయి చేత ఇలా రాయించాను: వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, జూన్ 30కి 8 వేలు, జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలాఖరుల్లో పది వేల చొప్పున. కింద నాన్న సంతకం. ప్రిన్సిపాల్ పరీక్ష రాయనిచ్చారు, ఫైన్ కూడా తీసేశారు. అమ్మ డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. పిల్లల చదువుకి స్త్రీనిధి (డ్వాక్రా మహిళలకు అప్పులిచ్చే సంస్థ) అప్పు ఉంటుందని తెలిసి జూలైలో అక్కడ అడిగింది. మూడో వాయిదా నాలుగు రోజులు ఆలస్యమైంది, అంతే.

పరవాడ, అచ్యుతాపురం కంపెనీల్లో పని చేసే నాన్నలకు ఇంకో మాట. మీకు పీఎఫ్ కోత పడుతుంటే, పిల్లల పై చదువుకి అందులోంచి అడ్వాన్స్ తీసుకోవచ్చు. తిరిగి కట్టనక్కర్లేదు. కాంట్రాక్టు కార్మికులకూ ఇది వర్తిస్తుంది. యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా గుర్తింపు నంబరు), అందులో ఆధార్, బ్యాంకు వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఫీజు అవసరం పడకముందే చూసుకోండి.

మీ కాలేజీ సెక్షన్‌కి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా కట్టిన రసీదులు, అడ్మిషన్ ఆర్డరు, ఇన్‌కమ్, కుల ధ్రువపత్రాలు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి. అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. బాకీ ఎంతో, అది ట్యూషన్‌దా బస్సుదా హాస్టల్‌దా, కాగితం మీద విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. గడువు ఇంకో నెల ఉందనగానే వెళ్తే మంచిది, అప్పటికి మా బల్లల మీద ఫైళ్లు తక్కువగా ఉంటాయి, మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది.